నా చెవులు బాగానే ఉండేవి

ఎమ్మెస్సీ రెండో ఏడాది మొదలైన వారంలో మా మేడమ్ క్లాసులోకి వచ్చి, హాజరు కూడా తీసుకోకుండా అడిగారు.

"సముద్రం అడుగుకి దిగి చేసే ప్రాజెక్టు ఒకటుంది. ఈత వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి."

మెరైన్ బయాలజీ క్లాసు కదా, అందరి చేతులూ లేస్తాయని ఆవిడేమీ అనుకోలేదు. ఆవిడకి మా సంగతి తెలుసు. విశాఖపట్నం అలాంటి ఊరు. పొద్దున్న లేస్తే సముద్రం కనబడుతుంది. సాయంత్రం దాని ఒడ్డునే కూర్చుని మరమరాల మూరీ మిక్చర్ తింటాం. మోకాలు దాటి నీళ్ళలోకి వెళ్ళినవాడు మాత్రం వీధికి ఒకడు దొరకడం కష్టం.

ఒక చెయ్యి వెంటనే లేచింది. అది వన్‌టౌన్ నుంచి వచ్చే అమ్మాయిది. వాళ్ళ నాన్నగారికి పాత ఊళ్ళో పడవలకి తాళ్ళూ గొలుసులూ అమ్మే కొట్టు ఉంది. రెండో చెయ్యి నాది.

నాకు ఈత రాదు.

ఎందుకెత్తానని తర్వాత చాలామంది అడిగారు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. మొదటి ఏడాది పరీక్షల్లో నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. పీతల కాళ్ళ మీద కీళ్ళెన్నో, నత్త గుల్ల ఏ వైపు తిరుగుతుందో గడగడా చెప్పేవాణ్ణి. సముద్రంలో దిగాల్సిన పనికి నా చెయ్యి లేవకపోతే ఆ మార్కులన్నీ ఎవరో వెనక్కి తీసేసుకుంటారనిపించింది. గాజువాకలో పెరిగాను. మా నాన్న స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పని చేసేవారు. చిన్నప్పుడు అప్పికొండ బీచికి వెళితే మా అమ్మ నా చొక్కా కాలరు పట్టుకునే నిలబడేది. కెరటం వస్తే నన్ను కాలరుతో సహా వెనక్కి లాగేది. సముద్రంతో నా పరిచయం అంతే.

అడుగున ఏం చెయ్యాలన్నది ఆ అమ్మాయి ఆలోచనే. రుషికొండకి అవతల, ఒడ్డుకి కొంచెం దూరంలో, నీళ్ళ కింద ఒక రాతి గట్టు ఉంది. దానికి సగం మేర ఎప్పుడో తెగిపోయిన నైలాన్ వల ఒకటి చుట్టుకుని ఉంది. నైలాన్ కుళ్ళదు. దాన్ని వేసినవాడు మర్చిపోయినా వల తన పని మానదు. పీతలు, చేపలు పడుతూనే ఉంటాయి, అందులోనే చచ్చిపోతూ ఉంటాయి, వాటిని తినడానికి వచ్చినవీ అందులోనే చిక్కుకుంటాయి. వల ఉన్న వైపు ఏమేం బతికున్నాయి, లేని వైపు ఏమేం బతికున్నాయి చూడాలి. తర్వాత వల తీసేయాలి. తీశాక ఆ రాయి మీదికి తిరిగి ఏమొస్తాయో చూడాలి. ఎవరూ తీయని వల తను తీయాలని ఆమె కోరిక. చదువు పేరుతో అయినా సరే.

నియమం ఒకటే. నీళ్ళలోకి ఎవరూ ఒంటరిగా దిగకూడదు. జత ఉండాలి. మా ఇద్దరిదీ జత. ఒకరు దిగలేకపోతే రెండోవారు కూడా దిగరు.

మాకు నేర్పడానికి ఒకాయన్ని పెట్టారు. నేవీలో డైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. పుట్టింది భీమిలి వైపు మత్స్యకారుల పేటలో. మేం మాస్టారూ అనేవాళ్ళం. కార్తీకం వెళ్ళాక, నీళ్ళు తేటపడ్డాక, మమ్మల్ని మొదటిసారి పడవెక్కించారు. ఆ రోజు అడుగుకి దిగడం లేదు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని పైపైన ఈదడమే.

నాకు ఆ పొద్దున నిజంగానే రెండు తుమ్ములు వచ్చాయి. ఆ రెండు తుమ్ములే నన్ను పాడుచేశాయి.

"మాస్టారూ, జలుబు చేసింది. చెవి బిగుసుకుపోయింది," అన్నాను.

ఆయన నా వైపు చూడను కూడా లేదు. "చెవి బాగోపోతే దిగకూడదు. నాను మారు అడగను," అని, ఆమె వైపు తిరిగి, "నువ్వూ కూకో అమ్మా. జత లేదు కదా," అన్నారు.

నీళ్ళలో దిగేవాళ్ళ లోకంలో చెవి మాట చెల్లినట్టు ఇంకేదీ చెల్లదు. లోపలికి దిగేకొద్దీ నీళ్ళు చెవిని నొక్కుతాయి. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది ఆ ఒత్తిడి సరిచేసుకోవాలి. జలుబుతో చెవిలో దారి మూసుకుపోతే అది కుదరదు, కర్ణభేరి చిరిగిపోవచ్చు. అందుకే చెవి నొప్పి అన్నవాణ్ణి ఎవరూ బలవంతం చెయ్యరు, నిజమేనా అని కూడా అడగరు. ఇదంతా నేను పుస్తకంలో చదివినదే. పరీక్షలో మార్కులు తెచ్చిన చదువు అబద్ధానికి కూడా బ్రహ్మాండంగా పనికొచ్చింది.

రెండోసారి పడవెక్కినప్పుడు ఎడమ చెవి అన్నాను. మూడోసారి కూడా ఎడమ చెవే. మార్చి చెబితే దొరికిపోతానని జాగ్రత్తపడ్డాను. ఆ మూడోసారి ఆమె తన సంచిలోంచి ఒక చిన్న సీసా తీసింది.

"మా అమ్మ పంపింది. నువ్వుల నూనెలో వెల్లుల్లి కాచింది. రెండు చుక్కలు వేసుకో."

"ఇప్పుడెందుకు, ఇంటికెళ్ళాక వేసుకుంటాలే."

"ఇప్పుడే వేసుకో. గోరువెచ్చగా ఉంటేనే పని చేస్తుందట. ఫ్లాస్కు పక్కన పెట్టి తెచ్చాను యార్."

పడవలో తల వాల్చి, ఏ జబ్బూ లేని చెవిలో వాళ్ళమ్మ కాచిన నూనె పోయించుకున్నాను. ఆమె ఒక్కో చుక్కా జాగ్రత్తగా వేసింది. "తగ్గుతోందా?" అని అడిగింది. తగ్గుతోందన్నాను. తర్వాత ఆమె కాళ్ళకి తొడుక్కున్న రబ్బరు రెక్కలు విప్పి, పడవ అంచు మీద గడ్డం ఆనించి నీళ్ళలోకి చూస్తూ కూర్చుంది. ఆ రోజు నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే రాతి గట్టు నీడ పైనుంచే కనిపించింది. ఇన్నేళ్ళ తర్వాత నాకు ఈత రాకపోవడం గుర్తొస్తే సిగ్గు వెయ్యదు. ఆమె అలా కూర్చోవడం గుర్తొస్తే వేస్తుంది.

తర్వాతి వారం మేడమ్ ఆమెను పిలిచి చెప్పారు. జనవరి దాటేలోగా దిగడం మొదలవ్వకపోతే ఈ పని వదిలేయాల్సిందే. ఎండలు ముదిరి దక్షిణపు గాలి పడితే కెరటాలు లేస్తాయి, నీళ్ళు మసకబారతాయి, అడుగున చెయ్యి కూడా కనిపించదు. అప్పుడు ల్యాబులో జాడీల్లో ఉన్న పాత నమూనాల మీద ఏదో ఒక టాపిక్ తీసుకోవాలి.

ఆమె బయటికొచ్చి నాతో అంది. "జాడీల్లో ఉన్నవి ఎక్కడికీ పోవు కదా. వాటి గురించి ఎవరైనా రాయొచ్చు. ఆ వల కింద ఉన్నవి మాత్రం..." మాట పూర్తి చెయ్యలేదు. "పద. మా మామూ దగ్గరికెళ్దాం."

వాళ్ళ మేనమామ చెవి ముక్కు గొంతు డాక్టరు. సీతమ్మధారలో క్లినిక్కు. వద్దనడానికి నా దగ్గర కారణం ఏమీ మిగల్లేదు. బస్సులో దారంతా నిజంగానే చెవి నొప్పి రావాలని కోరుకున్నాను. మనిషి తన గురించి అలాంటి కోరిక కోరుకునే దాకా వెళ్ళాడంటే అప్పటికే ఆగిపోయి ఉండాల్సింది. నేను ఆగలేదు.

డాక్టరుగారు బొద్దుగా, నెమ్మదిగా ఉండే మనిషి. నా చెవిలోకి లైటు వేసి చూశారు. రెండో చెవిలో కూడా చూశారు. మళ్ళీ మొదటి చెవిలోకి వచ్చారు.

"ఈ నూనె ఎవరు పోశారు?"

"మీ అక్కగారు పంపించారండి," అన్నాను.

ఆయన నిట్టూర్చారు. "నేను చదివిన చదువుకి మా ఇంట్లో ఉన్న విలువ ఇది. సరే బాబూ, ముక్కు మూసుకుని గాలి ఊదు. ఊఁ. ఇంకోసారి." లైటు ఆర్పేశారు. "భేషుగ్గా ఉన్నాయి. ఇంత శుభ్రంగా పనిచేసే చెవులు నాకు ఈ వారంలో తగల్లేదు. నొప్పి ఎక్కడన్నావ్?"

నేను నేల వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుని, "చెవులకైతే నా దగ్గర మందుంది. మిగతావి మీరు బయట మాట్లాడుకోండి," అన్నారు.

క్లినిక్కు మెట్ల మీద ఆమె ఆగింది. నేను రెండు మెట్లు కిందికి దిగి నిలబడ్డాను.

"నాకు ఈత రాదు," అన్నాను.

వీధిలో కొబ్బరి బొండాల బండివాడు ఒక బొండం మొత్తం కొట్టేదాకా ఆమె అటే చూసింది.

"మూడుసార్లు," అంది. "నిన్ను దిగమంటే నువ్వు భయపడి నన్ను పట్టుకుని ఏడ్చినా నాకు కోపం వచ్చేది కాదు. మా అమ్మ నీకోసం దువా చేసింది తెలుసా. వెల్లుల్లి ఒలుస్తూ చేసింది."

"క్షమించు."

"అరె, క్షమాపణ ఎవరిక్కావాలి. నువ్వు క్షమాపణ చెబితే నాకు ఈత జత దొరుకుతుందా?" చున్నీ భుజం మీదికి లాక్కుంది. "మేడమ్‌కి నేను చెప్పను. నువ్వే చెప్పు. ఎప్పుడు చెబుతావో నీ ఇష్టం. కానీ చెప్పేదాకా నాతో మాట్లాడకు."

సిటీ బస్సులో గాజువాక చేరేసరికి సాయంత్రమైంది. నాన్న డ్యూటీ దిగి వచ్చి, లుంగీ కట్టుకుని టీ తాగుతున్నారు. మా ఇంట్లో నాన్నతో ఏదైనా చెప్పాలంటే ఆ టీ సమయమే మంచిది. అంతా చెప్పాను. ఈత రాదన్న మాట దగ్గర ఆయనకి నవ్వాగలేదు.

"ఓరి నీ సదువు తగలెయ్య. నాను ఇన్నేళ్ళు కోకోవెన్ల కాడ పన్సేసాను. నిప్పులోకి దిగినానేటి? సంద్రం గురించి సదవడానికి సంద్రంలో దిగాలేటి?"

"దిగాలి నాన్నా. నేనే దిగుతానని చెయ్యెత్తాను."

"మరి ఆ పిల్ల పడవలో ఊరికే కూకుంటే నువ్వేటి సేసినావ్?"

"చెవిలో నూనె పోయించుకున్నాను."

ఆయన నవ్వడం ఆపేశారు. గ్లాసు కింద పెట్టి, "రేపు ఎల్లి మీ మేడమ్‌కి సెప్పీసి రా. నువ్వు సెప్పలేవంటే నాను సెలవెట్టుకుని వొత్తాను," అన్నారు. నాన్న నా కాలేజీకి వచ్చి నా తరఫున క్షమాపణ చెప్పే దృశ్యం ఊహించుకున్నాను. దాని ముందు సముద్రమే మేలనిపించింది.

మేడమ్ ల్యాబులో ఉన్నారు. ఫార్మలిన్ వాసనకి కళ్ళు మండుతున్నాయి, అందువల్లే నా కళ్ళలో నీళ్ళొచ్చాయని ఆవిడ అనుకునే అవకాశం ఉందని నాకో చిన్న ఆశ. ఆవిడ మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే విన్నారు. చివర్లో ఎత్తారు.

"ఈత రాకపోవడం పెద్ద సమస్య కాదు, నేర్పిస్తాం. నాకు భయం వేసింది ఈత గురించి కాదు. నీళ్ళ కింద మాటలుండవు. నీ జతకి నువ్వు చేసే సైగ తప్ప ఇంకేం తెలీదు. నువ్వు వేళ్ళు గుండ్రంగా పట్టి 'బాగానే ఉన్నాను' అంటే ఆ అమ్మాయి నమ్మాలి. చెవి దగ్గర అబద్ధమాడినవాణ్ణి అక్కడ ఎలా నమ్ముతుంది?"

ఆవిడ మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగారు.

"ఆలోచించు. ముందైతే మాస్టారి దగ్గరికెళ్ళి ఈత నేర్చుకో. జనవరి అన్నాను కదా, ఫిబ్రవరి దాకా ఆగుతాను. నీకోసం కాదు, ఆమె కోసం."

ఎవరో ఒకరు నన్ను బాగా తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. ఎవరూ ఆ ఉపకారం చెయ్యలేదు. ఆ లోటు మాస్టారు తీర్చారు. బీచ్ రోడ్డులోని ఈత కొలను దగ్గర, పొద్దున్నే, ఈత నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల తల్లులందరూ వింటుండగా తీర్చారు.

"రండి సార్, రండి. సేపల డాక్టరుగారు వొచ్చీసినారు. సార్‌కి కుర్సీ వెయ్యండర్రా. సెవి ఎలగుందండీ సార్?"

"క్షమించండి మాస్టారూ."

"నానేటి సార్ సమించడం. ఆ నీళ్ళని అడగండి. దిగండి."

మొదటి రోజు గట్టు పట్టుకుని కాళ్ళు ఆడించాను. గట్టు వదలమన్నప్పుడల్లా నా వేళ్ళు నా మాట వినలేదు. పక్కన పిల్లలు చేపపిల్లల్లా తిరుగుతున్నారు. మాస్టారు గట్టు మీద గొంతుక్కూర్చుని, "ఓరి బాబూ, నీళ్ళని గట్టిగా పట్టుకుందారని సూత్తన్నావు. పట్టుకుంటే నిలబడవవి. ఒళ్ళొగ్గీ. ఒళ్ళొగ్గీసి పడుకో," అనేవారు. ఆ 'ఒళ్ళొగ్గీ' అన్న ఒక్క మాట నాకు అర్థం కావడానికి వారాలు పట్టింది. బుర్రతో నేర్చుకున్నవాడికి ఒళ్ళు వదిలేయడం చేతకాదు. తేలడం గురించి ఎంత ఆలోచిస్తే అంత మునిగేవాణ్ణి. ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గి దగ్గి ఒకరోజు గట్టు మీదే కక్కుకున్నాను. మర్నాడు కూడా వెళ్ళాను. నా జీవితంలో నాకు రాని పని దగ్గరికి మళ్ళీ వెళ్ళడం అదే మొదటిసారి. అప్పటిదాకా వచ్చిన పనులే చేసేవాణ్ణి, అందుకే తెలివైనవాణ్ణనుకునేవాణ్ణి.

ఒక రోజు వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నాను. కైలాసగిరి వైపు నుంచి ఒక గద్ద నెమ్మదిగా తిరుగుతూ వచ్చింది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి చెవుల్లో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదని గమనించాను. తల తిప్పి చూస్తే గట్టు చాలా దూరంలో ఉంది. మాస్టారు లేచి నిలబడి ఉన్నారు. సార్ అని పిలవలేదు.

"ఏటి బావ, ఒడ్డుకి రావా ఏటి? పోనీ టిఫిను అక్కడికే అంపమంటావా?"

ఈదుకుంటూ వెనక్కొచ్చాను. ఎలా ఈదానో అడగొద్దు. చేతులూ కాళ్ళూ దేని దారిన అవి కొట్టుకున్నాయి. కానీ మునగలేదు. గట్టు ఎక్కి నిలబడ్డాక పిల్లల తల్లుల్లో ఒకావిడ చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళూ కొట్టారు. నాకు ర్యాంకులు వచ్చినప్పుడు కూడా ఎవరూ అలా కొట్టలేదు.

ఆ మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ వరండాలో ఆమె ఎదురైంది. "నీటి మీద తేలాను," అన్నాను. మేడమ్‌కి చెప్పేశాక కూడా మొహం చెల్లక ఆమెను పలకరించలేదు. మూడు వారాల తర్వాత మాట్లాడిన మొదటి మాట అది.

"ఎంతసేపు?"

"ఒక గద్ద వెళ్ళిపోయేంత సేపు."

ఆమె నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించింది. "గద్దలు త్వరగా వెళ్ళిపోతాయి. ఇంకా నేర్చుకో," అని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి తను కూడా కొలనుకి రావడం మొదలుపెట్టింది. గాలి సిలిండరు వీపుకి కట్టుకుని కొలను అడుగున మోకాళ్ళ మీద కూర్చుని సైగలు సాధన చేశాం. బాగానే ఉన్నాను. పైకి పోదాం. గాలి తక్కువగా ఉంది. చేతిని అడ్డంగా చాచి అటూ ఇటూ వంచితే, ఏదో తేడాగా ఉంది అని. ఆ చివరి సైగ ఆమె నా చేత మళ్ళీ మళ్ళీ చేయించింది. ఎందుకో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

ఫిబ్రవరిలో రాతి గట్టు దగ్గరికి దిగాం. మాస్టారు ముందు, మేమిద్దరం పక్కపక్కన. లంగరు తాడు పట్టుకుని కిందికి పోతూ ముక్కు మూసి గాలి ఊదాను. చెవులు టప్పుమని తెరుచుకున్నాయి. ఎంత సంతోషం వేసిందంటే, ఇంకోసారి అవసరం లేకపోయినా ఊదాను.

అడుగు గురించి నేను చదివింది చాలా ఉంది. దాన్ని చూడటం వేరే సంగతి. గట్టుకి శుభ్రంగా ఉన్న వైపు రాయి కనిపించలేదు, అంతా బతుకే. ఊదారంగు స్పాంజీలు, గులకరాళ్ళంత నత్తలు, పసుపూ నలుపూ చారల చేపలు గుంపులుగా ఒక పగులులోంచి ఇంకో పగులులోకి పోతున్నాయి. మూల తిరిగితే వల. బూడిదరంగులో, నాచు పట్టి, రాయి మీద పాత దుప్పటిలా పరుచుకుని ఉంది. దాని కింద ఏ రంగూ లేదు. పీతల డొప్పలు మడతల్లో ఖాళీగా ఊగుతున్నాయి. బతికున్న పీత ఒకటి ఒక డెక్క ఇరుక్కుని, మమ్మల్ని చూసి రెండో డెక్క ఎత్తింది. పోట్లాడదామన్నట్టు. ఆమె వెంటనే కత్తెరతో దాని చుట్టూ ఉన్న పోగులు కోసింది. అది రాయి మీద పక్కకి నడుచుకుంటూ పోయింది. నీళ్ళ కింద నవ్వకూడదు, అద్దంలోకి నీళ్ళొస్తాయి. ఇద్దరికీ వచ్చాయి.

వలని లాగకూడదు. లాగితే రాయి మీద బతికున్నవి కూడా ఊడొస్తాయి, మనిషి కూడా చిక్కుకుంటాడు. ముక్కలు ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనీ తాడుకి కట్టి, పడవలోకి పంపాలి. ఆ తాడు వాళ్ళ నాన్నగారి కొట్టులోదే. మొదట ఆమె లెక్కలు పూర్తి చేసుకుంది. తర్వాతి రోజుల్లో కోత మొదలుపెట్టాం.

ఒక రోజు గట్టు అంచున వంగి కోస్తుంటే వెనక నుంచి నన్నెవరో పట్టి లాగినట్టయింది. ముందుకి పోదామంటే కదల్లేదు. సిలిండరు తల దగ్గరున్న మూతకి వల తగులుకుంది. ఒళ్ళంతా ఒకటే మాట అంది: తిరుగు, గింజుకో, పైకి పో. తిరిగితే ఇంకా చుట్టుకుంటుందని తెలుసు. ఊపిరి వేగం పెరిగింది. బుడగలు మొహం మీదుగా గుంపులుగా పోతున్నాయి. ఆమె కొంచెం దూరంలో తన పనిలో ఉంది. తల తిప్పి నన్ను చూసింది. వేళ్ళు గుండ్రంగా పట్టి, ఎత్తి, అడిగింది: బాగానే ఉన్నావా?

అలవాటు కొద్దీ నా చెయ్యి కూడా అదే సైగకి లేవబోయింది. నిజంగా లేవబోయింది, అంత పాతుకుపోయింది నాలో ఆ జబ్బు. మరుక్షణం అరచెయ్యి అడ్డంగా చాచి అటూ ఇటూ వంచాను. తేడాగా ఉంది. తర్వాత వేలితో నా వెనక్కి చూపించాను. ఒళ్ళు వదిలేసి, ఊపిరి మాత్రం తీస్తూ, కదలకుండా ఉన్నాను.

ఆమె వచ్చింది. తొందరపడలేదు. నా భుజం మీద ఒక చెయ్యి వేసి నా వెనక్కి వెళ్ళింది. కత్తెర చప్పుడు నీళ్ళలో దగ్గరగా, చాలా స్పష్టంగా వినిపిస్తుంది. ఒక పోగు. ఇంకో పోగు. మాస్టారు మా తలల పైన నీళ్ళలోనే తేలుతూ, చేతులు కట్టుకుని చూస్తున్నారు, కిందికి రాలేదు. లాగుడు వదిలింది. ఆమె ముందుకొచ్చి నా అద్దంలోంచి లోపలికి చూసి మళ్ళీ అడిగింది. ఈసారి వేళ్ళు గుండ్రంగా పట్టి చూపించాను. ఆమె నమ్మింది. నమ్మిందని ఎలా తెలిసిందంటే, రెండోసారి అడగకుండా వెనుదిరిగి తన పని దగ్గరికి వెళ్ళిపోయింది.

నాకు జీవితంలో తర్వాత వచ్చిన ఏ సర్టిఫికెట్టునీ ఆ వీపుతో పోల్చలేను.

వల చివరి ముక్క మార్చిలో పైకొచ్చింది. అన్నీ కలిపి పడవలో ఒడ్డుకి తెచ్చేసరికి అక్కడి మత్స్యకారుల పేటలోని మనుషులు మూగారు. తడి వల బరువు చూసి ఎవరూ పిలవకుండానే నలుగురైదుగురు చెయ్యేశారు. చచ్చిన పీతల కంపు కొడుతోంది. అయినా ఒక్కరూ పక్కకి తప్పుకోలేదు.

"ఎవుల్దిరా ఈ వల?"

"ముడి సూడు. మీ తాతది లాగుంది."

"మా తాతదైతే ఇన్ని పీతలు పడవు, నోర్ముయ్."

ఆ అమ్మాయి నాన్నగారు కొట్టు కట్టేసి వచ్చారు. తన తాడు ఎక్కడా తెగలేదని రెండు చేతులతో పట్టి చూసుకుని, ఆ తర్వాత కూతురిని చూసుకున్నారు. మా నాన్న కూడా వచ్చారు. ఇద్దరూ ఒకరి పేరొకరికి తెలియకుండానే చెరో కొస పట్టుకుని వల ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి ఇసక మీద పరిచారు. ఎండలో అది ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. పడవ కంటే పొడుగు. మాస్టారు దాని చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, ఎవరితోనూ కాకుండా, "బాగుంది," అన్నారు. ఆయన నోట అంతకు ముందు ఆ మాట మేం వినలేదు.

ఆమె మాత్రం వలని చూడటం లేదు. సముద్రం వైపు చూస్తోంది. తన పని సగమే అయింది. రాయి మీదికి తిరిగి ఏమైనా వస్తాయో రావో తేలాలి. రాకపోతే వల తీసిన ఆనందం తప్ప ఆమె చెప్పగలిగింది ఏమీ ఉండదు. గాలి అప్పటికే మారుతోంది.

ఏప్రిల్‌లో, కెరటాలు ఇంకా పూర్తిగా లేవకముందు, చివరిసారి దిగాం. నీళ్ళు కొంచెం మసకగా ఉన్నాయి. ఇద్దరి మణికట్లకీ తెల్లటి ప్లాస్టిక్ పలకలున్నాయి. ఆమె తన పలక మీద పెన్సిల్‌తో రాస్తుంది, నీళ్ళలో అది చెరగదు. వల ఉన్న చోట చతురస్రపు చట్రం పెట్టి, అందులో కనిపించినవన్నీ రాయడం మొదలుపెట్టింది. నేను చట్రం కదలకుండా పట్టుకున్నాను. బోడిగా ఉన్న రాయి మీద పచ్చటి నూగు లేచింది. నూగు మీద గోరంత నత్తలు మేస్తున్నాయి. పగుల్లో చారల చేప పిల్లలు, ఇంకా పెద్ద చేపలంటే భయం తెలియనివి, మా వేళ్ళ దగ్గరికే వచ్చి చూసి పోతున్నాయి. ఒక పీత బయటికొచ్చి, చట్రం ఎక్కి, నా బొటనవేలు దాటి అవతలికి దిగింది. ఆమె రాసింది. చట్రం జరిపాం. మళ్ళీ రాసింది. ఇంకా చిన్న అక్షరాలతో రాసింది. పలక అంచుల చుట్టూ తిప్పి రాసింది. వెనక్కి తిప్పి రాసింది.

చివరికి చోటు అయిపోయింది. ఆమె పలక వైపు చూసి, రాయి వైపు చూసి, నా వైపు చూసింది. అద్దం వెనక కళ్ళు పెద్దవయ్యాయి.

నా మణికట్టు మీది ఖాళీ పలక విప్పి ఆమె చేతికిచ్చాను.